బ్రిటన్ వాళ్ళ టీ అలవాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో, ఉద్యోగానికో, పిల్లల్ని చూసి పోదామనో యూకే వచ్చే మనవాళ్ళు టీ గురించి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మళ్ళీ మళ్ళీ విన్నవాటికి జవాబులు ఒకచోట పెట్టాను. హోటల్ మర్యాదల కంటే ఇళ్ళలో, ఆఫీసుల్లో జరిగేదాని గురించే ఎక్కువ రాశాను. రోజూ మీకు ఎదురయ్యేది అదే.

ఇప్పటికీ అంత టీ తాగుతారా, లేక అదంతా సినిమాల్లోనేనా?

తాగుతారు. రోజుకు సుమారు 10 కోట్ల కప్పులని అక్కడి టీ వ్యాపారుల సంఘం చెబుతుంది. దేశ జనాభా 7 కోట్లకు కాస్త తక్కువ. వ్యాపారులు చెప్పే లెక్క కాబట్టి కొంచెం తగ్గించుకుని వినండి. అయినా తక్కువేమీ కాదు. సినిమాల్లో చూపించే పింగాణీ కప్పు, వెండి కూజా, చిటికెన వేలు పైకెత్తి పట్టుకోవడం మాత్రం మామూలు ఇళ్ళలో కనిపించవు. కనిపించేది లావుపాటి మగ్గు, అందులో ఒక టీ బ్యాగ్. చిటికెన వేలు ఎత్తితే అక్కడివాళ్ళే నవ్వుతారు.

వాళ్ళు టీ ఎలా పెడతారు? మనలా మరిగించరా?

మరిగించరు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్ళు కాగగానే మగ్గులో ఉన్న టీ బ్యాగ్ మీద పోస్తారు. కాసేపు ఉంచి, చెంచాతో బ్యాగ్‌ను మగ్గు అంచుకు నొక్కి తీసేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు ఓ చుక్క వేస్తారు. అంతే. అల్లం, యాలకులు లాంటివేవీ ఉండవు. పాలు కాచే పని లేదు, వడకట్టే పని లేదు. ఇంట్లో వాడే బ్యాగులకు దారం కూడా ఉండదు. గుండ్రంగానో, చతురస్రంగానో, పిరమిడ్ ఆకారంలోనో ఉంటాయి. ఒక్కో దాంట్లో సుమారు 3 గ్రాముల పొడి పడుతుంది.

మొదటిసారి తాగిన మనవాళ్ళలో చాలామంది అనే మాట "ఇదేం టీ, వేడి నీళ్ళలో పాలు పోసినట్టుంది" అని. తప్పు టీ పొడిది కాదు, మన తొందరది. ప్యాకెట్ మీద 3 నుంచి 5 నిమిషాలు ఉంచమని రాసి ఉంటే, మనం అర నిమిషానికే బ్యాగ్ తీసేసి, ఇంట్లో అలవాటు కొద్దీ సగం మగ్గు పాలు పోస్తాం. అలా పోస్తే చల్లారిపోయి నీళ్ళ రుచే మిగులుతుంది. 4 నిమిషాలు ఆగి, రెండు చెంచాల పాలు మాత్రమే వేసి చూడండి. ముదురు ఇటుక రంగులో, నాలుక మీద కాస్త వగరుగా తగిలే టీ వస్తుంది. బాగానే ఉంటుంది. మన టీతో పోల్చుకుంటూ తాగితే మాత్రం ఎప్పటికీ నచ్చదు.

పాల సీసా మూత రంగు కూడా చూసుకోండి. ఎక్కువ షాపుల్లో నీలం మూత ఉంటే వెన్న తీయని పాలు, ఆకుపచ్చ ఉంటే సగం తీసినవి, ఎరుపు ఉంటే పూర్తిగా తీసినవి. వాళ్ళు టీలోకి ఎక్కువగా ఆకుపచ్చ మూత పాలే వాడతారు. మనకు నీలమే నయం.

పాలు ముందు పోయాలా, తర్వాత పోయాలా?

ఈ గొడవ వాళ్ళలో వాళ్ళకే తేలలేదు. కూజాలో టీ కాచి కప్పుల్లోకి వంచే రోజుల్లో ముందు పాలు పోసేవాళ్ళు, తర్వాత పోసేవాళ్ళు అని రెండు వర్గాలుండేవి. ముందు పోసేవాళ్ళను కాస్త తక్కువగా చూసేవారు కూడా. ఇప్పుడు మగ్గులో బ్యాగ్ పెట్టేవాళ్ళకు అసలు ప్రశ్నే లేదు. పాలు ముందు పోస్తే నీళ్ళ వేడి తగ్గిపోయి డికాక్షన్ సరిగ్గా దిగదు. కాబట్టి తర్వాతే.

టీ రుచి పరీక్షించే నిపుణుల కోసం ఒక ప్రామాణిక పద్ధతి కూడా ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. ఆరు పేజీల ఈ పత్రం రాసినందుకు బ్రిటిష్ ప్రమాణాల సంస్థకు 1999లో ఇగ్ నోబెల్ అనే వేళాకోళపు బహుమతి ఇచ్చారు.

"బిల్డర్స్ టీ" అంటే?

బాగా స్ట్రాంగ్‌గా, పాలు పోసి, రెండు చెంచాల చక్కెర వేసిన మగ్గు టీ. ఇళ్ళు కట్టే మేస్త్రీలు తాగే టీ అన్నమాట. మన నాలుకకు దగ్గరగా ఉండేది ఇదే. ఎవరైనా "ఎలా కావాలి?" అని అడిగితే ఈ మాట చెప్పండి, సరిగ్గా అర్థం చేసుకుంటారు. ఇప్పుడు చాలామంది చక్కెర మానేశారు కాబట్టి మీరు అడిగితే తప్ప వేయరు.

ఆఫీసులో ఎవరో "టీ కావాలా?" అని అడిగారు. ఏమనాలి?

కావాలనుకుంటే వెంటనే అవునని చెప్పండి. మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. ఎవరింటికైనా వెళితే "వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం" అంటాం. వాళ్ళు "అయ్యో, కొంచెమైనా" అంటారు. మూడోసారికి కప్పు చేతిలో ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ మూడోసారి రాదు. వద్దంటే వద్దనే. మీ మాటకు విలువిచ్చి వెళ్ళిపోతారు. మొహమాటపడితే టీ ఉండదు.

అవునన్నాక ఒక బాధ్యత కూడా వస్తుంది. టీ పెట్టుకోవడానికి లేచినవాళ్ళు తమ బల్ల చుట్టూ ఉన్న అందరినీ అడుగుతారు. అందరికీ తానే పెట్టి తెస్తారు. తర్వాత ఇంకొకరి వంతు. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ చెప్పరు, కానీ ఎవరు ఎన్నిసార్లు తాగారు, ఎన్నిసార్లు పెట్టారు అన్నది అందరికీ గుర్తుంటుంది. వారం రోజులు ఇచ్చిన టీ అంతా తాగి, ఒక్కసారీ లేవని మనిషిని మొహం మీద ఏమీ అనరు. వెనకాల మాత్రం అనుకుంటారు. మేనేజర్ అయినా మినహాయింపు లేదు. అందరికంటే పెద్ద హోదా ఉన్నావిడ ట్రే పట్టుకుని ఆరు మగ్గులు తెచ్చి పెడితే మనకు మొదట్లో లేచి నిలబడాలనిపిస్తుంది. లేవక్కర్లేదు, థాంక్స్ చెబితే చాలు.

ఆఫీసు వంటగదిలో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది చూడండి. పేర్లు, పక్కన "పాలు, చక్కెర వద్దు", "బ్లాక్", "పాలు, ఒకటిన్నర". ఆ ఒకటిన్నర చెంచా మనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. మొదటిసారి మీ వంతు వచ్చినప్పుడు ఆ కాగితం చూసి పెట్టేయండి, టెన్షన్ ఉండదు. ఇంకో సంగతి: కప్‌బోర్డులో ఉన్న మగ్గులన్నీ అందరివీ కావు. ఫుట్‌బాల్ జట్టు బొమ్మ ఉన్నదీ, అంచు పెచ్చు ఊడినా దాచుకున్నదీ కచ్చితంగా ఎవరో ఒకరి సొంతం. మీ మగ్గు మీరు కొనుక్కోండి.

ఇంటికి ప్లంబర్ వస్తే టీ ఇవ్వాలా?

ఇవ్వాలి. కనీసం అడగాలి. పైపు బాగుచేసే మనిషికి, సామాను మోసేవాళ్ళకు, కరెంటు పనికి వచ్చినవాళ్ళకు తలుపు తీయగానే టీ అడగడం మామూలు మర్యాద. చక్కెర ఎంత వేయాలో కూడా అడగండి. రోజంతా పని ఉంటే ఇంటివాళ్ళు రెండు మూడుసార్లు అడుగుతారు.

దుర్వార్త విన్న మనిషికీ ముందు టీయే. ఎవరైనా పోయారని ఫోన్ వచ్చినా, యాక్సిడెంట్ జరిగినా, ఉద్యోగం పోయినా పక్కనున్నవాళ్ళు మొదట అనే మాట "కెటిల్ పెడతాను". మనం భుజం మీద చెయ్యి వేసి, కూర్చోబెట్టి, నలుగురం చుట్టూ చేరే చోట వాళ్ళు వంటింట్లోకి వెళ్తారు. పట్టించుకోలేదని అనుకోకండి. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో తెలియని మనుషులకు చేతికి ఒక పని దొరుకుతుంది. ఏడ్చేవాళ్ళకూ ఐదు నిమిషాలు ఒంటరిగా ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. నా దృష్టిలో టీ విషయంలో వాళ్ళ అసలు మర్యాద ఇదే. స్కోన్లూ (బన్నులాంటి చిన్న రొట్టెలు) వెండి కూజాలూ దీని ముందు లెక్కలోకి రావు.

పక్కింటివాళ్ళు "టీకి రండి" అన్నారు. టీ మాత్రమేనా, భోజనం కూడానా?

ఊరిని బట్టి. ఉత్తర ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌లో చాలా ఇళ్ళలో సాయంత్రం తినే భోజనాన్నే టీ అంటారు. సాయంత్రం 5, 6 గంటలకు రమ్మంటే కడుపు ఖాళీ పెట్టుకుని వెళ్ళండి, ఏం తినరో ముందే చెప్పండి. మధ్యాహ్నం 3, 4 గంటలకు రమ్మంటే టీ, బిస్కెట్, మహా అయితే కేకు ముక్క. అనుమానంగా ఉంటే అడగడంలో తప్పు లేదు, వాళ్ళలో వాళ్ళకే ఈ తికమక ఉంది.

ఆఫ్టర్‌నూన్ టీ అంటే ఏమిటి? అంత డబ్బు పెట్టాలా?

మూడంతస్తుల స్టాండు మీద కింద చిన్న శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు, పైన కేకులు పెట్టి, కూజాతో టీ ఇచ్చే పద్ధతి. కింది నుంచి పైకి తింటూ వెళ్ళాలి. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ (గొప్పింటి దొరసాని) అయిన అన్నా అనే ఆవిడ, మధ్యాహ్న భోజనానికీ రాత్రి ఆలస్యంగా తినే భోజనానికీ మధ్య నీరసం వస్తోందని తన గదికి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడంతో ఇది మొదలైందని చెబుతారు. ఆకలి ఆవిడ ఒక్కదానికే వేసిందని అనుకోలేం గానీ, ఆవిడ స్నేహితురాళ్ళ ద్వారా అది ఫ్యాషన్ అయిన మాట నిజం.

లండన్ రిట్జ్ లాంటి పేరున్న హోటల్లో మనిషికి 70 పౌండ్లు దాటుతుంది, మగవాళ్ళకు కోటు ఉండాలి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు సరదాగా ఒకసారి వెళ్ళొచ్చు. అక్కడివాళ్ళూ పుట్టినరోజుకో, పెళ్ళికూతురి పార్టీకో వెళతారు, రోజూ వెళ్ళరు. చిన్న ఊళ్ళలోని టీ రూముల్లో చాలా తక్కువకే దొరుకుతుంది, స్కోన్ కూడా అప్పుడే పొయ్యి మీంచి దిగినట్టుంటుంది. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి. లేకపోతే శాండ్‌విచ్‌లలో చేప, హామ్ (పంది మాంసం), కోడిగుడ్డు వస్తాయి. గుడ్డు కూడా తినకపోతే అది విడిగా చెప్పండి. వాళ్ళ లెక్కలో శాకాహారమంటే గుడ్డు కలిసే ఉంటుంది, కేకుల్లో తప్పకుండా ఉంటుంది.

స్కోన్ మీద ముందు జామా, క్రీమా?

డెవన్‌లో ముందు క్రీమ్, పైన జామ్. కార్న్‌వాల్‌లో ముందు జామ్, పైన క్రీమ్. ఆ క్రీమ్ మన మీగడకు దగ్గరి చుట్టం: పాలను సన్నని సెగ మీద చాలాసేపు ఉంచి, చల్లార్చి, పైన కట్టిన మందపాటి పొర తీస్తారు. ఏ జిల్లాలో ఉంటే ఆ పద్ధతిలో తినండి.

బిస్కెట్ టీలో ముంచుకుని తినొచ్చా?

నిరభ్యంతరంగా. పెద్ద హోటల్లో కాకుండా ఎక్కడైనా. మెక్‌విటీస్ కంపెనీ 1892 నుంచి చేస్తున్న డైజెస్టివ్ బిస్కెట్ దీనికి పేరుపడింది గానీ రెండు సెకన్లు ఎక్కువ ఉంచితే విరిగి మగ్గు అడుగుకు చేరుతుంది. ఓట్స్‌తో చేసే హాబ్‌నాబ్ కాస్త గట్టి పిండం. ఉస్మానియా బిస్కెట్ అలవాటున్నవాళ్ళకు ఈ విషయంలో కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

ఈ అలవాటు వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది?

చైనా నుంచి. సామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి తాను మొదటిసారి టీ తాగిన సంగతి 1660 సెప్టెంబర్ 25న డైరీలో రాసుకున్నాడు. చైనా వాళ్ళ పానీయమని వివరణ కూడా ఇచ్చుకున్నాడు. 1662లో రాజు రెండో చార్లెస్‌ను పెళ్ళాడి వచ్చిన పోర్చుగల్ రాకుమారి కేథరీన్‌కు టీ అలవాటుండటంతో రాజదర్బారులో అది గొప్పవాళ్ళ పానీయమైంది. థామస్ ట్వైనింగ్ 1706లో లండన్ స్ట్రాండ్ వీధిలో మొదలుపెట్టిన దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

బీదవాళ్ళ దాకా రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. కారణం పన్ను. సుంకం ఎంత ఎక్కువగా ఉండేదంటే, దొంగ సరుకు పడవల్లో దిగేది. అందులో వేరే ఆకులు కూడా కలిపేవారు. 1784లో సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించారు. దాంతో దొంగ వ్యాపారం దెబ్బతింది, టీ కూలివాడి ఇంట్లోకి వచ్చింది. అంతకు పదకొండేళ్ళ ముందే, 1773 డిసెంబర్ 16న, ఇదే టీ మీద పన్ను గొడవలో అమెరికాలోని బోస్టన్ రేవులో 342 పెట్టెలు సముద్రం పాలయ్యాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే తియ్యటి కథే. కానీ అందులో వేసుకున్న చక్కెర కరీబియన్ దీవుల్లో బానిసల చెమట. టీకి ధరగా చైనావాళ్ళు వెండి తప్ప ఇంకేదీ అడగకపోవడంతో, ఆ వెండి సంపాదించడానికి ఈస్టిండియా కంపెనీ మన బీహారు, బెంగాల్ రైతుల చేత గంజాయి కంటే ప్రమాదకరమైన నల్లమందు పండించింది. వ్యాపారులు దాన్ని చైనాలోకి దొంగతనంగా దింపారు. చైనా అడ్డుకుంటే 1839లో యుద్ధం వచ్చింది. సరిగ్గా అదే ఏడాది జనవరిలో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడుపోయింది. చైనా మీద ఆధారపడకుండా తమ చేతి కింది నేల మీదే పండించుకుందామన్నది ఆలోచన.

ఆ తోటల్లో పనికి దూర ప్రాంతాల నుంచి కూలీలను తరలించారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ వారిలో ఉన్నారు. వారి వారసులు అస్సాంలో ఇప్పటికీ ఉన్నారు. బ్రిటిష్ కప్పులో మన వాటా అది.

మన రెడ్ లేబుల్ బ్రిటిష్ వాళ్ళదేనా?

పుట్టుక అక్కడిదే. ఆర్థర్ బ్రూక్ 1869లో మాంచెస్టర్‌లో టీ దుకాణం తెరిచి బ్రూక్ బాండ్ అని పేరు పెట్టాడు. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు, పేరు బాగుందని పెట్టుకున్నాడు. బ్రిటన్‌లో ప్రతి సూపర్ మార్కెట్‌లో కనిపించే పీజీ టిప్స్ టీ కూడా ఆ కంపెనీ తెచ్చిందే. ఇప్పుడు రెడ్ లేబుల్, పీజీ టిప్స్ యజమానులు వేరు. టెట్లీ కథ తిరగబడింది: 1837లో యార్క్‌షైర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన కంపెనీని 2000లో టాటా టీ 27.1 కోట్ల పౌండ్లకు కొనేసింది. బ్రిటన్‌లో టీ బ్యాగులు వాడుకలోకి తెచ్చింది, 1953లో, ఆ టెట్లీయే.

అన్నట్టు, ఇప్పుడు అక్కడి బ్యాగుల్లో ఉండే పొడిలో ఎక్కువ భాగం అస్సాందీ డార్జిలింగ్‌దీ కాదు, కెన్యాది.

టీవీలో మ్యాచ్ అయిపోగానే దేశమంతా కెటిల్ పెడితే కరెంటు పోతుందట, నిజమా?

పోదు, పోకుండా ముందే సిద్ధంగా ఉంటారు. వాళ్ళ కెటిళ్ళు చాలావరకు 3 కిలోవాట్లవి. 1990 జులై 4న ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీల ప్రపంచకప్ సెమీఫైనల్ పెనాల్టీలతో ముగియగానే వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. మన శ్రీశైలంలో రెండు గట్ల మీది విద్యుత్ కేంద్రాలూ కలిపినా 1,670 మెగావాట్లే. ఇలాంటి వేళల కోసం వేల్స్ కొండల్లో డినోర్విగ్ అనే కేంద్రం ఉంది. రాత్రిపూట నీళ్ళను పై చెరువులోకి ఎక్కించి పెట్టుకుని, అవసరమైనప్పుడు సెకన్లలో కిందికి వదులుతారు. అందరూ ఒకేసారి ఒకే కార్యక్రమం చూసే రోజులు పోయాయి కాబట్టి ఆ ఉధృతి ఇప్పుడు తగ్గింది.

యుద్ధంలో కూడా టీ మానలేదంటారు?

మానలేదు గానీ రేషన్ పెట్టారు. 1940 జులై నుంచి మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే సుమారు 56 గ్రాములు. 1952 అక్టోబర్ దాకా, యుద్ధం అయిపోయిన ఏడేళ్ళకు గానీ ఎత్తేయలేదు. 1945 నాటి సెంచూరియన్ మొదలుకుని బ్రిటిష్ ట్యాంకుల లోపలే నీళ్ళు కాచే పెట్టె ఉంటుంది. సైనికులు టీ కోసం బయటికి దిగి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా.

టెస్ట్ మ్యాచ్‌లో టీ విరామం ఎంతసేపు?

20 నిమిషాలు. లంచ్ 40.

లండన్‌లో టీ మీద తెట్టులాంటి పొర కడుతోంది. నీళ్ళు పాడయ్యాయా?

పాడవలేదు. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ నీళ్ళలో సున్నం ఎక్కువ. అది టీలోని పదార్థాలతో కలిసి పొర కడుతుంది, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. వెనిగర్ కలిపిన నీళ్ళు కాచి పారబోసి, రెండుసార్లు కడిగితే కెటిల్ శుభ్రపడుతుంది. మాంచెస్టర్‌కో గ్లాస్గోకో వెళితే అదే బ్యాగ్‌తో టీ రంగు, రుచి వేరుగా ఉంటాయి. లండన్‌లోలా సున్నం ఎక్కువున్న నీళ్ళకని ప్రత్యేకంగా కలిపిన టీ కూడా షాపుల్లో దొరుకుతుంది.

మైక్రోవేవ్‌లో టీ పెట్టుకోవచ్చా?

మీ గదిలో మీ ఇష్టం. నలుగురి ముందు మాత్రం వద్దు. 2024 జనవరిలో ఒక అమెరికన్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ టీలో చిటికెడు ఉప్పు వేస్తే చేదు తగ్గుతుందని చెబితే బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. లండన్‌లోని అమెరికా ఎంబసీ ఉప్పు మాట తమది కాదని సరదాగా ప్రకటన ఇచ్చి, చివర్లో తాము మాత్రం టీని మైక్రోవేవ్‌లోనే పెట్టుకుంటామని అంటించింది.

కుర్రవాళ్ళు కూడా టీయే తాగుతున్నారా?

తగ్గింది. వీధికి రెండు కాఫీ షాపులున్నాయి, హెర్బల్ టీలు వచ్చాయి. 1903లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన టైఫూ కంపెనీ 2024 నవంబర్‌లో దివాలా అంచుకు వెళ్ళి చేతులు మారింది. అయినా ఆఫీసులో కెటిల్ పాడైతే కంప్యూటర్ పాడైనదానికంటే ఎక్కువ అలజడి అవుతుంది.

మన పద్ధతిలో టీ పెట్టుకోవాలంటే పొడి ఇండియా నుంచి తెచ్చుకోవాలా?

అక్కర్లేదు. ఇండియన్ షాపుల్లో మన బ్రాండ్లన్నీ ఉంటాయి, పెద్ద సూపర్ మార్కెట్లలోనూ కొన్ని దొరుకుతాయి. అర్ధరాత్రి పొడి అయిపోతే రెండు టీ బ్యాగులు కత్తిరించి పొడిని గిన్నెలో వేసి మరిగించండి. పొడి సన్నం కాబట్టి డికాక్షన్ త్వరగా దిగుతుంది, మామూలు కంటే తక్కువ సేపు చాలు. నీలం మూత పాలు పోసి, అల్లం దంచి వేస్తే తేడా పెద్దగా తెలియదు. పొయ్యి మీద వదిలి ఫోన్ చూడకండి. ఎలక్ట్రిక్ హాబ్ మీద పొంగితే గీకి తుడవాల్సి వస్తుంది, అద్దె ఇల్లయితే ఇంకా ఇబ్బంది.

సూట్‌కేసులో తెచ్చుకుంటే ప్యాక్ చేసిన టీ పొడి, యాలకులు, మసాలా తెచ్చుకోండి. పాలు, పాల పదార్థాలు ఇండియా నుంచి తేవడానికి అనుమతి లేదు కాబట్టి పాలపొడి కలిసిన టీ ప్రీమిక్స్ ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేసి రండి.